పదిహేను మేకలు, ఒక్క చెయ్యి

ఈ మధ్య ఒక ఆదివారం సాయంత్రం మా ఇంట్లో డైనింగ్ టేబుల్ చుట్టూ కూచుని నలుగురం కలిసి ప్రపంచాన్ని కాపాడాం. నాలుగు రోగాలకీ మందు కనిపెట్టాం. కార్డుల దొంతరలో ఇంకా ఆరు ముక్కలు మిగిలుండగానే గెలిచాం. నేను చప్పట్లు కొట్టాను. కొడుతున్నది నేనొక్కదాన్నే అని కాసేపటికి అర్థమైంది. మా ఆయన ఫోన్ చూసుకుంటున్నాడు. ఆయన స్నేహితుడు క్యూబుల్ని రంగుల వారీగా చిన్న చిన్న కవర్లలో సర్దుతున్నాడు. మా చెల్లి తన పావుని పెట్టెలో పెడుతూ చాలా మామూలుగా అంది:

"బాగా ఆడావక్కా. నలుగురి తరఫునా."

ఈ వ్యాసం ఆ మాట గురించి. ఇలాంటి మాట ఎవరైనా అన్నప్పుడల్లా బోర్డ్ గేములు ఆడేవాళ్ళం చెప్పుకునే ఒక సంజాయిషీ ఉంది. అది తప్పని నా వాదన. ఆ సంజాయిషీ వెనక చాలా ఏళ్ళు దాక్కున్నదాన్ని కాబట్టి, దాని లొసుగులు నాకు బాగానే తెలుసు.

ముందు ఆట సంగతి. దాని పేరు పాండమిక్. మాట్ లీకాక్ అనే అమెరికన్ డిజైనర్ తయారు చేశాడు, 2008లో వచ్చింది. అంటే ఆ మాట మన అమ్మానాన్నల నోళ్ళలో నానడానికి పన్నెండేళ్ళ ముందే. బోర్డు మీద ప్రపంచపటం, దాని మీద 48 నగరాలు. మనవైపు నుంచి ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై ఉన్నాయి. హైదరాబాద్ లేదు, అందుకని మా ఇంట్లో చెన్నైనే సొంతూరు కింద లెక్క. నాలుగు రంగుల రోగాలు, రంగుకి 24 చొప్పున 96 క్యూబులు. ఇద్దరి నుంచి నలుగురి దాకా ఆడొచ్చు. ఒక్కో వంతులో నాలుగు పనులు చేసుకోవచ్చు: పక్క ఊరికి వెళ్ళడం, ఒక క్యూబు తీసెయ్యడం, రీసెర్చ్ స్టేషన్ కట్టడం, పక్కవాళ్ళకి కార్డు ఇవ్వడం, ఇలాంటివి. తర్వాత రెండు కార్డులు తీసుకోవాలి. ఆ తర్వాత రోగం తన వంతు ఆడుతుంది. ఇన్ఫెక్షన్ కార్డులు తిప్పితే ఏ ఊరొస్తే ఆ ఊళ్ళో ఒక క్యూబు. అప్పటికే మూడున్న ఊరికి నాలుగోది పడాల్సొస్తే ఔట్‌బ్రేక్. అంటే చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ తలా ఒకటి. ఆ పక్క ఊళ్ళో కూడా మూడుంటే అదీ పేలుతుంది.

ఓడిపోవడానికి మూడు దారులున్నాయి: ఎనిమిది ఔట్‌బ్రేకులు, క్యూబులు అయిపోవడం, కార్డులు అయిపోవడం. గెలవడానికి ఒకటే దారి: నాలుగు రంగులకీ మందు. ఒక్కో మందుకి ఒకే రంగు కార్డులు ఐదు ఒకరి చేతిలో చేరాలి, వాళ్ళు స్టేషన్ ఉన్న ఊళ్ళో ఉండాలి. వీటన్నిటికంటే తెలివైన ముడి ఎపిడెమిక్ కార్డు. అది వచ్చిందంటే, అప్పటిదాకా తిప్పి పక్కన పడేసిన ఊళ్ళ కార్డులన్నీ కలిపి మళ్ళీ దొంతర పైనే పెట్టాలి. అంటే దెబ్బతిన్న ఊళ్ళే మళ్ళీ దెబ్బ తింటాయి. ఒకసారి జబ్బు పడిన ఇల్లు మళ్ళీ మళ్ళీ జబ్బు పడుతుందని తెలిసిన మనిషే ఈ నియమం రాసుండాలనిపిస్తుంది.

ఇందులో ఆటగాళ్ళందరిదీ ఒకటే పక్షం. గెలిస్తే అందరం, ఓడితే అందరం. ఎవరి చేతిలో ఏమున్నాయో మాట్లాడుకోవచ్చు, మా ఇంట్లో అయితే కార్డులు టేబుల్ మీద వెల్లకిలా పరిచే ఆడతాం. కాబట్టి అందరికీ అన్నీ కనిపిస్తాయి. అందరికీ అన్నీ కనిపించే చోట, అందరికంటే ముందు చూసేవాళ్ళు ఒకరుంటారు. మా ఇంట్లో అది నేను.

ఎలా జరుగుతుందో చెప్తాను. సలహాతో మొదలవుతుంది. "నువ్వు లాగోస్ వెళ్తే బావుంటుందేమో." రెండో రౌండుకి ఆ 'ఏమో' ఊడిపోతుంది. మూడో రౌండుకి "లాగోస్ వెళ్ళు, అక్కడ రెండు తీసెయ్, ఒక పని మిగుల్తుంది, స్టేషన్ కట్టు" అవుతుంది. నాలుగో రౌండుకి మాట కూడా అక్కర్లేదు, చెయ్యి చాపి వాళ్ళ పావు నేనే జరిపేస్తాను, వాళ్ళు తలూపుతారు. ఆ తలూపుడిని నేను ఇన్నాళ్ళూ ఏకాభిప్రాయం అనుకున్నాను. మా ఆయన స్నేహితుడు ఒకసారి "వదినా, సావో పాలోలో స్టేషన్ కడదామా?" అని అడిగాడు. నేను బోర్డు మీంచి తల ఎత్తకుండా "వద్దు, దండగ" అన్నాను. దండగే. ఇప్పుడు లెక్కేసినా దండగే. కానీ ఆ తర్వాత ఆట అయిపోయేదాకా అతను ఇంకేమీ అడగలేదన్న సంగతి నేను గమనించలేదు.

దీనికి బోర్డ్ గేముల లోకంలో ఒక పేరుంది: ఆల్ఫా ప్లేయర్ సమస్య. ఆ పేరు వినగానే అందరూ చెప్పే సంజాయిషీ ఇదీ: అది ఆట డిజైన్‌లోని లోపం. సమాచారం అంతా బయటే ఉంచితే ఒకరు నడిపించక ఏం చేస్తారు? మంచి డిజైనర్ అయితే ఆ అవకాశమే ఇవ్వడు.

నిజమే, ఆ అవకాశం ఇవ్వని ఆటలు వచ్చాయి. ఆంట్వాన్ బౌజా చేసిన హనబిలో ఎవరి కార్డులు వాళ్ళకి తప్ప అందరికీ కనిపిస్తాయి, లెక్కపెట్టి సూచనలివ్వాలి. 2013లో జర్మనీలో ఏడాది ఉత్తమ ఆటకిచ్చే స్పీల్ దెస్ యారెస్ బహుమతి దానికే వచ్చింది. 2017లో వచ్చిన మ్యాజిక్ మేజ్‌లో ఇసుక గడియారం నడుస్తుండగా నోరు మెదపకుండా ఆడాలి, పైగా ఒకరు ఒక దిక్కుకి మాత్రమే పావుల్ని కదపగలరు. 2018లో వచ్చిన ది మైండ్ ఇంకా విచిత్రం, అంకెల కార్డుల్ని చిన్న నుంచి పెద్దకి వరసగా వెయ్యాలి, మాటా సైగా ఏదీ పనికిరాదు. స్పిరిట్ ఐలండ్‌ది ఇంకో దారి: ఎవరి పాత్ర వాళ్ళకే తలకి మించిన పని, పక్కవాడి ఆట ఆడే తీరికే ఉండదు.

ఇవన్నీ ఆడాను. మంచి ఆటలు. హనబి అయితే నాకు ప్రాణం. కానీ ఇవి నా జబ్బుకి మందు అంటే ఒప్పుకోను. ఇవి నా నోటికి ప్లాస్టర్ వేస్తాయి, కళ్ళకి గంతలు కడతాయి, లేదంటే ఊపిరాడనంత పని అప్పజెప్తాయి. నోరు కట్టేస్తే తప్ప పక్కవాళ్ళని మనిషిగా లెక్కచెయ్యలేనిదాన్ని, కట్లు విప్పగానే ఏం చేస్తాను? పాండమిక్ మళ్ళీ టేబుల్ మీదకి వస్తే మళ్ళీ లాగోస్ వెళ్ళమంటాను. ఆట అయ్యాక భోజనాల దగ్గర, కారులో, ఫోన్లో, ఇసుక గడియారం ఉండదు కదా.

అసలు లోపం ఆటలో ఉందనడానికి పాండమిక్ రూల్సే అడ్డొస్తాయి. అది తర్వాత చెప్తాను. ముందు రెండో సంజాయిషీ.

రెండోది ఇంకా ధీమాగా ఉంటుంది: "గెలుపు అందరిదీ కదా. అలాంటప్పుడు అందరికంటే బాగా ఆలోచించేవాళ్ళ మాట వింటే తప్పేంటి?" ఈ వాదన వినడానికి ఎంత సబబుగా ఉంటుందో! నేనూ వాడాను. దీనికి జవాబు ఒక ప్రశ్న. గెలుపే కావాల్సుంటే మిగతా ముగ్గుర్నీ ఎందుకు పిలిచావు? ఒంటరిగా కూచుని నలుగురి చేతులూ తామే ఆడుకునేవాళ్ళు ఉన్నారు. నేనూ కొన్ని రాత్రులు ఆడాను. హాయిగా ఉంటుంది, ఎవరికీ అపకారం లేదు. అపకారమల్లా ముగ్గురు మనుషుల్ని ఇంటికి పిలిచి, టీ ఇచ్చి, చుట్టూ కూచోబెట్టుకుని, ఆ ఒంటరి ఆటే ఆడడం. వాళ్ళు ఆటగాళ్ళు కారు. నా పావుల్ని పట్టుకునే స్టాండులు.

చదరంగంలో నా ఎదురుగా కూచున్నవాడు నా ఓటమే కోరతాడు. కానీ నా గుర్రాన్ని ముట్టుకోడు. నేను తప్పు ఎత్తు వేస్తుంటే లోపల సంతోషిస్తాడేమో గానీ, ఆ ఎత్తు వేసే హక్కు నాదని ఒప్పుకుంటాడు. క్యారమ్స్‌లో నా స్ట్రైకర్ నాదే. నా ఓటమి కోరేవాడు నాకిచ్చిన ఆ పాటి మర్యాద, నా గెలుపు కోరే అక్క తన చెల్లికి ఇవ్వలేదు. సహకార ఆటల్ని పొగిడేవాళ్ళు "వీటిల్లో పోటీ ఉండదు, గొడవ ఉండదు, పిల్లలకి కలిసి పనిచెయ్యడం నేర్పుతాయి" అంటుంటారు. ఆఫీసుల్లో టీమ్ బిల్డింగ్ అని రిసార్టుకి తీసుకెళ్ళి ఆడించేవాళ్ళు కూడా అదే అంటారు. గొడవ లేకపోవడం కలిసి ఆడుతున్నామనడానికి సాక్ష్యం కాదు. మా టేబుల్ దగ్గర కూడా ఆ సాయంత్రం గొడవేమీ లేదు. ముగ్గురు మర్యాదస్తులు, ఒక నేను, అంతే.

నేనిలా కొత్తగా తయారవలేదు. చిన్నప్పుడు వేసవి సెలవులకి అమ్మమ్మగారి ఊరు వెళ్తే, గుడి మండపం బండల మీద సుద్దతో గీసి పులి-మేక ఆడేవాళ్ళం. తాతయ్యవి మూడు పులులు, మూడు గులకరాళ్ళు. పిల్లలందరివీ కలిపి పదిహేను మేకలు, చింతపిక్కలు. పులి మేక మీంచి దూకి తినేస్తుంది. మేకలు ఏమీ తినలేవు, చుట్టూ చేరి పులికి కదలడానికి చోటు లేకుండా కట్టెయ్యడమొక్కటే వాటి బలం. ఐదుగురం పిల్లలం. తాతయ్య చింతపిక్కల్ని మూడేసి చొప్పున పంచేవాడు. "ఎవరి మేక వాళ్ళే పెట్టాలి" అనేవాడు. ఆయన ఒక్కడూ కాసేపు ఇంట్లోకి వెళ్ళాడంటే చాలు, నేను మిగతా నలుగురి చింతపిక్కలూ లాగేసుకునేదాన్ని. "మీకు తెలీదు, నేను పెడతా." చెల్లి అప్పుడు ఐదేళ్ళది. ఏడవకుండా ఇచ్చేసేది.

పులి-మేక ఆటలో మేకలు ఎంత బాగా సహకరించుకుంటాయో! ఒక మేక వెనక ఇంకోటి, సందు లేకుండా, సమయానికి. కారణం చాలా చిన్నది. మేకలు పదిహేను, జరిపే చెయ్యి ఒక్కటి. ఆ మేకల్ని ఎవరూ ఏమీ అడగరు. మనం కమిటీల్లో, ఇళ్ళల్లో, ఆఫీసు మీటింగుల్లో 'చక్కటి సమన్వయం' అని మెచ్చుకునేదాన్ని నేనిప్పుడు కొంచెం అనుమానంగా చూస్తున్నాను. ఎంతమంది ఆడుతున్నారు ఇక్కడ? ఎన్ని చేతులు?

చెల్లి ఆ మాట అన్న మూడు వారాలకి అమ్మ ఫోన్ చేసి, మాటల్లో మాటగా, "అది ఉద్యోగం మానేసి నెలన్నర అయింది కదా, ఇప్పుడేం చేస్తానంటోంది నీతో?" అంది. నాతో ఏమీ అనలేదు. నెలన్నరంటే, మేం ఆ ఆదివారం ఆడుతున్నప్పటికే అది ఖాళీగా ఉంది. ఆ ఉద్యోగం నేను చెప్తేనే చేరింది. అంతకుముందు కోర్సు కూడా నేను చెప్పిందే. రెండూ మంచి సలహాలే, ఆ మాట అదీ ఒప్పుకుంటుంది. వెంటనే ఫోన్ చేశాను. "నాకెందుకు చెప్పలేదే?" అన్నాను. కొంచెం సేపు మాట్లాడలేదు.

"చెప్తే నా వంతు కూడా నువ్వే ఆడేస్తావక్కా," అంది.

నాకు చాలా కోపం వచ్చింది. నీ మంచికే కదా చెప్పేది, అనబోయాను. ఆ వాక్యం నోటిదాకా వచ్చాక, అది నాకెక్కడో తెలిసిన వాక్యంలా అనిపించింది. "గెలుపు అందరిదీ కదా." రెండూ ఒకటే వాక్యం.

తర్వాతి ఆదివారం రమ్మన్నాను. ఆటకే పిలిచాను, ఉద్యోగం ఊసెత్తనని మాటిచ్చాను. పాత్రల కార్డులు కలిపి పంచితే చెల్లికి మెడిక్ వచ్చింది: ఒక ఊళ్ళో ఎన్ని క్యూబులున్నా ఒక్క దెబ్బకి తీసెయ్యగలదు. మా ఆయనకి సైంటిస్ట్: ఐదుకి బదులు నాలుగు కార్డులతోనే మందు కనిపెట్టగలడు. స్నేహితుడికి రీసెర్చర్. నాకు డిస్పాచర్ వచ్చింది. ఎన్నోసార్లు ఆడిన పాత్రే. దానికి ఇంకెవరికీ లేని శక్తి ఒకటుంది, ఇతరుల పావుల్ని తన వంతులో తను కదపగలదు. మా ఆయన నవ్వాడు: "ఇన్నాళ్ళకి నీకు తగ్గ ఉద్యోగం దొరికింది." చెల్లి నా కార్డు తీసుకుని చదివింది. చదివి, వేలు పెట్టి చూపించింది. అక్కడ రాసి ఉంది: ఆ పావు ఎవరిదో వాళ్ళు ఒప్పుకుంటేనే.

ఆట లోపం, ఆట లోపం అంటున్నాం కదా. ఇదిగో ఆట. ఇతరుల పావుల్ని కదిపే పాత్ర ఒకటే ఒకటి ఉంటే, ఆ పాత్ర కార్డు మీదే ఒప్పుకోలు షరతు రాసిపెట్టారు. ఎన్నేళ్ళుగా ఆ కార్డు పట్టుకుని ఆ ముక్క దాటేసి చదివానో నాకే తెలీదు. డిజైనర్ చెయ్యాల్సింది చేశాడు. మిగిలింది నా పని.

ఆ రోజు నేను నోరు అదుపులో పెట్టుకున్నాను. గొప్పగా చెప్పుకోడానికేం లేదు, చాలా అధ్వాన్నంగా చేశాను. మాట అనకుండా మొహంతో అన్నీ చెప్పేశాను. "ఇస్తాంబుల్ సంగతి ఏం చేద్దామనుకుంటున్నావు?" లాంటి ప్రశ్నలేశాను, అది ప్రశ్న వేషం వేసుకున్న ఆజ్ఞ అని అందరికీ తెలుసు. అయినా ఎవరి పావు వాళ్ళే జరుపుకున్నారు. స్నేహితుడు సావో పాలోలో స్టేషన్ కట్టాడు, ఈసారి అడక్కుండానే. ఆట నత్తనడక నడిచింది. మూడు మందులు దొరికాయి. నలుపు రంగు ఒక్కటీ మిగిలింది. అప్పటికి ఆరు ఔట్‌బ్రేకులు.

నా వంతు చివర మూడో ఎపిడెమిక్ వచ్చింది. తిప్పేసిన కార్డులన్నీ కలిపి పైన పెట్టాం, అందులోంచి మూడు తిప్పాం, బతికిపోయాం. ఇంక దొంతర పైన మిగిలిన ఎనిమిది కార్డులు ఏ ఊళ్ళవో అందరికీ తెలుసు, వరసే తెలీదు. వాటిలో ఇస్తాంబుల్ ఉంది, బాగ్దాద్ ఉంది. రెండు ఊళ్ళలోనూ మూడేసి నల్ల క్యూబులు. రెండూ పక్కపక్క ఊళ్ళు. ఏ ఒక్కటి పేలినా రెండోది పేలుతుంది, ఆరూ రెండూ ఎనిమిది, ఆట ముగిసినట్టే.

చెల్లి వంతు. మెడిక్ కరాచీలో ఉంది. కరాచీ నుంచి బాగ్దాద్‌కి ఒక అడుగు, అక్కడ మొత్తం తీసెయ్యడం, అక్కణ్ణుంచి ఇస్తాంబుల్‌కి ఒక అడుగు, అక్కడా తీసెయ్యడం. సరిగ్గా నాలుగు పనులు, ఎవరో కొలిచి కుట్టినట్టు. ఆ తర్వాత నా వంతు వచ్చినప్పుడు దాన్ని చెన్నైకి లాగేస్తాను (ఒప్పుకుంటే), అది తన చేతిలోని చెన్నై కార్డు మా ఆయనకి ఇస్తుంది, ఆయన దగ్గరున్న మూడు నల్ల కార్డులూ ఇదీ కలిపి నాలుగు, మందు సిద్ధం. ఒక్క రౌండు ఓపిక పడితే చాలు. నాకు ఇదంతా మూడు సెకన్లలో కనిపించింది. నోట్లో నాలుక కొరుక్కున్నాను, ఇది అలంకారం కాదు, నిజంగానే.

అది బోర్డు వైపు చాలాసేపు చూసింది. "బావ చెన్నైలోనే ఉన్నాడు కదా. అక్కడ స్టేషనూ ఉంది. నేను ముంబై మీదుగా ఇప్పుడే చెన్నై వెళ్ళి కార్డు ఇచ్చేస్తే, తర్వాతి వంతు బావదే. అయిపోతుంది," అంది.

"మధ్యలో మూడు కార్డులు తిప్పాలి," అన్నాను. అంతవరకే అన్నాను.

"తెలుసు. కానీ ఎప్పుడూ మంటలు ఆర్పుకుంటూ కూచోడమేనా అక్కా? ఆ ఒక్క రౌండు ఊరికే గడుస్తుందని ఎవరు చెప్పారు?"

మధ్యలో ఇంకో ఎపిడెమిక్ రాదనుకుంటే, ఎనిమిదింట్లో మూడు తిప్పినప్పుడు ఆ రెండు ఊళ్ళలో ఏ ఒక్కటైనా వచ్చే అవకాశం పద్నాలుగింట తొమ్మిది. నూటికి అరవై నాలుగు. అంటే గెలిచేదానికంటే ఓడేదే ఎక్కువ. నేను లెక్క చెప్పలేదు. దానికి లెక్కలు నాకంటే బాగా వచ్చు.

పావు ముంబై మీదుగా చెన్నై చేరింది. కార్డు చేతులు మారింది. మా ఆయన నాలుగు నల్ల కార్డులూ వరసగా పేర్చుకుని కూచున్నాడు. మొదటి కార్డు తిప్పింది: ఢిల్లీ. రెండోది: ఒసాకా. నలుగురం టేబుల్ మీదకి వంగిపోయాం. నాకు గుండె కొట్టుకుంటోంది. ఇంతకుముందు గెలిచిన ఏ ఆటలోనూ అలా కొట్టుకోలేదు, అన్ని ఆటల్లోనూ ఏం జరగబోతోందో నాకు ముందే తెలుసు కాబట్టి. మూడో కార్డు: బాగ్దాద్.

ఓడిపోయాం. టేబుల్ మీద ఒక్కసారిగా పెద్ద గోల. మా ఆయన తన నాలుగు కార్డుల్నీ గాల్లోకి విసిరేశాడు. స్నేహితుడు "సావో పాలో స్టేషన్ దండగైపోయింది వదినా" అని పకపకా నవ్వాడు. చెల్లి రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది, నవ్వుతోంది.

ఇక్కడ కొందరు పాఠకులు నేను మెత్తబడతానని ఎదురుచూస్తుంటారు. దాని ఎత్తే సరైనదని, ఓటమే గెలుపని, అలాంటిదేదో. అనను. దాని ఎత్తు తప్పు. నా ఎత్తే సరైనది. ఆ మాట ఆ రాత్రే దానితో అన్నాను కూడా, అది అడిగాక. "తెలుసక్కా," అంది. "కానీ ఈసారి ఓడింది నేను."

నా వాదనంతా ఆ వాక్యంలోనే ఉంది. ఎదుటివాళ్ళ ఎత్తు నా ఎత్తు కంటే మంచిదైనప్పుడు ఒప్పుకోవడానికి సహకారం అక్కర్లేదు, కాస్త బుర్ర ఉంటే చాలు. వాళ్ళ ఎత్తు తప్పని నాకు తెలిసి, దాని ఖరీదు నేను కూడా కడతానని తెలిసి, అయినా అది వాళ్ళ ఎత్తే అని ఊరుకోగలిగినప్పుడే కలిసి ఆడినట్టు. తప్పు చేసే హక్కు లేనివాడికి ఆటలో వాటా లేదు. గెలుపులో వాటా ఇస్తాం అంటాం గానీ, తనది కాని ఎత్తుతో వచ్చిన గెలుపుని ఏం చేసుకుంటాడు? సర్దిపెట్టి ఇంటికెళ్తాడు. క్యూబుల్ని రంగుల వారీగా.

అభ్యంతరం నాకు తెలుసు. నిజం మహమ్మారిలో, ఆపరేషన్ థియేటర్‌లో, మునిగిపోతున్న పడవలో తప్పు చేసే హక్కు అంటూ కూచుంటే మనుషులు చచ్చిపోతారు. ఒప్పుకుంటాను. ఆపరేషన్ థియేటర్‌లో ఓటింగు పెట్టమనడం లేదు. కానీ టేబుల్ మీదున్నది అట్ట. పోయేది ఒక గంట. ఏమీ పోని చోట కూడా పక్కవాళ్ళ తప్పుని భరించలేకపోతే, ఏదో ఒకటి పోయే చోట, అంటే ఒక ఉద్యోగం, ఒక పెళ్ళి, ఒక ఊరు వదిలి వెళ్ళడం, అలాంటి చోట ఎలా భరిస్తాం? మనలో చాలామంది ఇళ్ళల్లో ప్రతి నిర్ణయాన్నీ ఆపరేషన్ థియేటర్ లాగే నడుపుతారు. పెద్దవాళ్ళు డాక్టర్లు, మిగతావాళ్ళంతా మత్తులో ఉన్న రోగులు. అందుకే మన పిల్లలు ఉద్యోగాలు మానేసిన సంగతి నెలన్నర తర్వాత అమ్మ ఫోన్లో తెలుస్తుంది.

మౌనంగా కూచోమని కూడా నేను చెప్పడం లేదు. మౌనం సులువు. అలిగినవాళ్ళు కూడా మౌనంగానే ఉంటారు. నాకు తెలిసింది, చెప్పాలి. "మధ్యలో మూడు కార్డులు తిప్పాలి" అన్న మాట చెప్పకపోతే అది మోసం. చెప్పాక ఆగడమే నాకు చేతకానిది. ఆ ఆగడం ఏ డిజైనరూ పెట్టెలో పెట్టి అమ్మలేడు. కాబట్టి మా టేబుల్‌కి రెండే నియమాలు పెట్టుకున్నాం. వంతు ఎవరిదో ముందు మాట వాళ్ళది, బోర్డు మీద తనకేం కనిపిస్తోందో తను చెప్పేదాకా మిగతావాళ్ళు ఆగాలి. ఇంకొకటి తాతయ్యది, పాతదే: ఎవరి మేక వాళ్ళే పెట్టాలి. పావు ముట్టుకుంటే ఆ రోజు గిన్నెలు కడగాలి.

గిన్నెలు ఇప్పటికి రెండుసార్లు కడిగాను.

చెల్లి ఇంకా ఉద్యోగంలో చేరలేదు. ఏం చేద్దామనుకుంటోందో కొంత చెప్పింది. నాకు నచ్చలేదు. నచ్చలేదని ఒకసారి చెప్పాను, ఎందుకో కూడా చెప్పాను. విన్నది. ఇది పద్నాలుగింట తొమ్మిదా, పద్నాలుగింట నాలుగా నాకు తెలీదు, ఈ దొంతరలో ఏ కార్డులున్నాయో ఎవరికీ తెలీదు. వచ్చే ఆదివారం మళ్ళీ ఆడుతున్నాం. దాని వంతులో నా చేతులెక్కడ పెట్టుకోవాలో ఇంకా సరిగ్గా అలవాటు కాలేదు. ఉడకబెట్టిన పల్లీలు ఒక గిన్నెడు ముందు పెట్టుకుని ఒలుచుకుంటూ కూచుందామనుకుంటున్నాను.